మార్చిన టర్బో జపాన్ కార్లను అమ్మకానికి పెడుతున్న యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యజమానులకు,

నమస్కారం. టర్బోఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న జపాన్ స్పోర్ట్స్ కారును కొన్నేళ్ల పాటు ఇష్టంగా మార్చుకుంటూ, నడుపుకుంటూ వచ్చి, ఏదో ఒక కారణం చేత ఇప్పుడు దాన్ని అమ్మకానికి పెడుతున్న వారందరికీ ఈ లేఖ రాస్తున్నాను. మీ దగ్గర ఉన్నది నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కావచ్చు, టయోటా సుప్రా కావచ్చు, మాజ్దా ఆర్‌ఎక్స్-7, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, సుబారు ఇంప్రెజా, నిస్సాన్ సిల్వియాలలో ఏదైనా కావచ్చు. కొనబోయేవారి తరఫున ఇలాంటి కార్లను పరీక్షించి, కొనవచ్చో కూడదో చెప్పడం నా వృత్తి. కారును ఎందుకు మార్చారని మిమ్మల్ని నిలదీసే ఉద్దేశం నాకు లేదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన మార్పు నాకూ ముచ్చటగానే ఉంటుంది. అలా మార్చిన కారును అమ్మేటప్పుడు దానితో పాటు కొనేవారి చేతికి ఏమేమి అందాలన్నదే ఈ లేఖలోని విషయం.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు బాధ్యత వహించే తయారీ సంస్థ ఒకటి ఉంటుంది. ఇంజన్‌కు ఏ ఆయిల్ పోయాలో, ఏ స్పార్క్ ప్లగ్ వాడాలో, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలో, ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో ఆ సంస్థ వర్క్‌షాప్ మాన్యువల్‌లో రాసి పెట్టింది. మీరు పెద్ద టర్బో బిగించి, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు మార్చి, అసలు ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) తీసి వేరే కంపెనీ ఈసీయూ పెట్టించిన రోజున ఆ మాన్యువల్‌లో చాలా పేజీలు ఆ కారుకు చెల్లకుండా పోయాయి. అప్పటి నుంచి ఆ కారుకు తయారీదారు మీరే. దాని మాన్యువల్ కొంత మీ జ్ఞాపకంలో, కొంత ఆ ఈసీయూను సరిచేసిన మీ ట్యూనర్ ల్యాప్‌టాప్‌లో, కొంత చెల్లాచెదురైన బిల్లుల్లో ఉంది. ఆ సమాచారాన్ని ఒకచోట చేర్చి కొనేవారికి ఇవ్వకుండా తాళాలు మాత్రమే ఇచ్చినవారు సగం సరుకునే అమ్మారని నా అభిప్రాయం.

ఇలా మార్చుకోవడానికి ఈ కార్లే ఎందుకు అనువుగా దొరికాయో మీకు తెలియనిది కాదు. 1989లో ఆర్32 జీటీ-ఆర్ వచ్చినప్పుడు నిస్సాన్ ప్రకటించిన శక్తి 280 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత). జపాన్ సంస్థలు తమలో తాము కుదుర్చుకున్న అవగాహన మేరకు 2004 వరకు స్వదేశంలో అమ్మే కార్లకు అంతకు మించిన అంకెను ప్రకటించలేదు. కాగితం మీద హద్దు గీసుకున్నా ఇంజన్ల తయారీలో పొదుపు చూపలేదు. జీటీ-ఆర్‌లోని 2,568 సీసీల ఆర్‌బీ26, సుప్రాలోని 2,997 సీసీల 2జేజెడ్, ఎవల్యూషన్‌లోని 1,997 సీసీల 4జీ63 మూడింటికీ పోత ఇనుము బ్లాకులే. ఫ్యాక్టరీ శక్తికి రెట్టింపు రాబట్టినా తట్టుకుని నిలిచిన ఇంజన్లు వీటిలో ఉన్నాయి కాబట్టే ఇంతటి పేరు వచ్చింది. అయితే ఆ పేరు అమ్మేవారి నోట కొన్నిసార్లు పూచీకత్తులా మారిపోతుంది. “2జేజెడ్ కదా, దానికేమీ కాదు” అన్న మాట నాకు వినీ వినీ అలవాటైపోయింది. బ్లాకు ఇనుముది అయినంత మాత్రాన దాని లోపలి పిస్టన్‌కు, బేరింగ్‌కు, హెడ్ గాస్కెట్‌కు ఎవరూ పూచీ పడరు. అవి ఎంత కాలం నిలుస్తాయన్నది ఆ కారును ఎవరు ఎలా మార్చారు, ఎలా నడిపారు అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది హార్స్‌పవర్ అంకె. 600 అని ఉంటుంది, మరొకచోట 800 అని ఉంటుంది. అది చక్రాల దగ్గర కొలిచిందా, క్రాంక్ (ఇంజన్ శక్తి బయటికి వచ్చే ఇరుసు) దగ్గర ఉండి ఉంటుందని లెక్కగట్టిందా అన్నది మాత్రం ఉండదు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, నాలుగు చక్రాలూ తిరిగే కారైతే ట్రాన్స్‌ఫర్ కేసు, ఇవన్నీ మధ్యలో కొంత శక్తిని తినేస్తాయి. ఆ నష్టం ఇంత శాతమని అన్ని కార్లకూ సరిపోయే స్థిరమైన లెక్క లేదు కనుక, చక్రాల అంకెకు 15 శాతమో 25 శాతమో కలిపి చెప్పడం ఊహే తప్ప కొలత కాదు. శక్తిని కొలిచే డైనో యంత్రాల్లోనూ రకాలున్నాయి: బరువైన డ్రమ్మును చక్రాలతో తిప్పించి అది వేగం పుంజుకునే తీరు నుంచి శక్తిని లెక్కగట్టేవి కొన్ని, చక్రాలకు ఎదురు భారం ఇచ్చి కొలిచేవి కొన్ని, చక్రాలు విప్పేసి నేరుగా హబ్బులకు బిగించేవి కొన్ని. ఒకే కారు ఒకే రోజున వీటి మీద వేర్వేరు అంకెలు చూపగలదు. ఆ పైన గాలి ఉష్ణోగ్రత, పీడనాలకు తగ్గట్టు చేసే సవరణ ఒకటి. ఎస్‌ఏఈ జే1349 ప్రమాణం 25 డిగ్రీల సెల్సియస్, 99 కిలోపాస్కళ్ల పొడి గాలిని ఆధారంగా తీసుకుంటే, ఎస్‌టీడీ అనే పాత సవరణ అంతకన్నా చల్లని, చిక్కని గాలిని ఆధారం చేసుకుని దాదాపు 4 శాతం పెద్ద అంకెను చూపిస్తుంది.

కాబట్టి అంకెను కాకుండా డైనో షీటును పూర్తిగా జతచేయండి. ఏ రకం యంత్రం, ఏ సవరణ, ఎంత బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి), ఏ ఇంధనం అన్నవి దాని మీద ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా గాలికీ ఇంధనానికీ మధ్య నిష్పత్తిని చూపే గీత ఉండాలి. నేను షీటు చేతికి రాగానే చూసేది ఆ గీతనే. ఆర్‌పీఎం పెరిగి గరిష్ఠ వేగాన్ని సూచించే ఎర్రగీతను సమీపిస్తున్న కొద్దీ మిశ్రమం పలచబడుతూ పోతే, ఇంధన పంపో ఇంజెక్టర్లో తమ శక్తి చివరికి వచ్చేశాయని అనుమానించాలి. అక్కడ ఎంత గొప్ప హార్స్‌పవర్ అంకె ఉన్నా ఆ ఇంజన్ ఆయుష్షు మీద నాకు నమ్మకం కలగదు.

ఇక ట్యూన్ సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే కొత్త యజమాని చేతిలో ఇంజన్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇలాంటి కారులో అన్నిటికన్నా విలువైన భాగం కంటికి కనిపించదు, బానెట్ ఎత్తి తీసిన ఫొటోల్లోకి రాదు. అది ఈసీయూలోని మ్యాప్. ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతున్నప్పుడు, దాని మీద ఎంత భారం ఉన్నప్పుడు, ఎంత ఇంధనం చిమ్మాలో, స్పార్క్ ఎంత ముందుగా వెలగాలో చెప్పే పట్టికలే ఆ మ్యాప్. ఆ పట్టికల్లోని ప్రతి అంకె మీ కారులో ఉన్న టర్బోకు, ఇంజెక్టర్లకు, కామ్‌షాఫ్టులకు, సెన్సర్లకు, మీరు వాడే ఇంధనానికి సరిపోయేలా రాసినది. వీటిలో ఒక్కటి మారినా మ్యాప్ పూర్తిగా తప్పు కావచ్చు. ఫ్యాక్టరీ గాలి మీటరును తీసేసి మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి గాలిని అంచనా వేసేలా మార్చిన కార్లలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ; ఇంజన్ గాలి పీల్చే తీరు మారినా ఆ సంగతి ఈసీయూకు నేరుగా తెలిసే మార్గం ఉండదు.

తప్పు మ్యాప్ వల్ల వచ్చే ప్రమాదం నాక్. స్పార్క్‌తో మొదలైన మంట సిలిండర్ అంతటా పాకేలోపే, మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంత తానే భగ్గుమనడాన్ని నాక్ అంటారు. బూస్ట్ పెరిగితే ఆ ముప్పు పెరుగుతుంది. తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసినా, స్పార్క్ మరీ ముందుగా వెలిగినా, లోపలికి పోయే గాలి వేడెక్కినా పెరుగుతుంది. సుబారు ఈజే25 టర్బో ఇంజన్లలో పిస్టన్ రింగుల మధ్యనుండే సన్నని గట్లు విరిగిపోవడం దీని ఫలితంగా తరచుగా కనిపించేదే. ఆ నష్టం బయటికి మొదట వినిపించదు. బోనులో పులిలా ఉన్న కారు కొన్నాళ్లకు ఆయిల్ తాగడం మొదలుపెట్టి, ఆపైన నీలి పొగ వదులుతుంది.

ఏ ఇంధనం మీద ట్యూన్ చేయించారో రాతపూర్వకంగా ఇవ్వమని నేను పట్టుబట్టేది అందుకే. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఈ85 ఇంధనానికి 9.8 పాళ్లకు అటూ ఇటూగా చాలు. అంటే అదే గాలికి ఈ85 చాలా ఎక్కువ పరిమాణంలో చిమ్మాలి. ఈ85కు మాత్రమే రాసిన మ్యాప్ ఉన్న కారులో కొత్త యజమాని తెలియక మామూలు పెట్రోలు పోస్తే, ఒకపక్క అవసరానికి మించి ఇంధనం పడుతుంది, మరోపక్క ఇథనాల్ తట్టుకోగలదన్న ధైర్యంతో ముందుకు జరిపిన స్పార్క్ పెట్రోలుతో నాక్‌కు దారి తీస్తుంది. పైగా ఈ85 అన్నంత మాత్రాన అందులో ఎప్పుడూ 85 శాతం ఇథనాల్ ఉండదు. అమెరికాలో ఆ పేరుతో అమ్మే ఇంధనంలో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మీ కారులో ఇథనాల్ శాతాన్ని కొలిచే సెన్సర్ ఉందా, ఉంటే దాన్ని చూసి ఈసీయూ తనంత తాను సర్దుకుంటుందా, లేక ట్యాంకులో ఏముందో మీరే కొలిచి మ్యాప్ మారుస్తూ వచ్చారా? మూడూ వేర్వేరు కార్లు. ప్రకటనలో మూడింటికీ ఒకే మాట ఉంటుంది: “ఈ85 ట్యూన్”.

పాస్‌వర్డు గురించి కూడా మాట్లాడుకోవాలి. చాలామంది ట్యూనర్లు తాము రాసిన మ్యాప్‌ను ఎవరూ చదవకుండా తాళం వేస్తారు. అది వారి పనితనం కనుక కాపాడుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ తాళం సంగతి కొనేవారికి ముందే తెలియాలి. మ్యాప్ తెరుచుకోకపోతే రేపు ఒక సెన్సర్ మార్చినా, వేరే పరిమాణం ఇంజెక్టర్లు వేసినా, మరో ట్యూనర్ మొదటి అక్షరం నుంచి కొత్త మ్యాప్ రాయాలి. ఆ ఖర్చు, డైనో మీద గడిచే ఆ సమయం కారు ధరలో భాగమే. వీలైతే అమ్మకానికి ముందే మీ ట్యూనర్‌తో మాట్లాడి పాస్‌వర్డు గానీ, కనీసం కొత్త యజమానికీ సేవ అందిస్తానన్న హామీ గానీ తీసుకోండి. మ్యాప్ ఫైలు, చివరిసారి ట్యూన్ చేసిన తేదీ, రోడ్డు మీద రికార్డు చేసిన లాగ్‌లు మీ దగ్గరుంటే అవి మెరిసే ఏ విడిభాగం కన్నా ఎక్కువ విలువైనవని గుర్తించండి.

ఇప్పుడు ఇంజన్ లోపలికి వద్దాం. “ఫుల్లీ బిల్ట్” (లోపలి భాగాలన్నీ మార్చి కట్టినది) అన్న రెండు మాటలతో కొందరు ఈ అధ్యాయాన్ని ముగిస్తారు. ఏ పిస్టన్లు, ఏ రాడ్లు, ఎవరు బిగించారు, పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఎంత సందు వదిలారు, బేరింగ్ సందు ఎంత అన్నవి తెలిస్తేనే ఆ మాటకు అర్థం ఉంటుంది. ఉదాహరణకు ఫోర్జ్‌డ్ (లోహాన్ని అదిమి చేసిన) పిస్టన్లలో 2618 రకం మిశ్రలోహంతో చేసినవి వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తాయి కనుక వాటికి ఎక్కువ సందు వదులుతారు. చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు అవి టకటకమంటాయి, వేడెక్కాక ఆ చప్పుడు తగ్గుతుంది. 4032 రకంలో సిలికాన్ ఎక్కువ, వ్యాకోచం తక్కువ, చప్పుడూ తక్కువ. ఇది చెప్పకుండా కారు ఇస్తే కొత్త యజమాని మొదటి చల్లని ఉదయాన ఆ చప్పుడు విని ఇంజన్ పోయిందనుకుంటాడు. లేదా అంతకన్నా ప్రమాదంగా, నిజంగా బేరింగ్ పోతున్నప్పటి చప్పుడును కూడా “ఈ కారు ఇంతే” అనుకుని నడుపుతూ ఉంటాడు. బేరింగ్ సందును బట్టే ఆయిల్ చిక్కదనాన్ని ఎంచుకోవాలి కనుక, ఏ ఆయిల్ పోస్తున్నారో, ఎన్ని కిలోమీటర్లకు మారుస్తున్నారో కూడా మీరే రాసివ్వాలి. ఫ్యాక్టరీ పుస్తకం ఇక్కడ అక్కరకు రాదు.

మీరు ఆ కారుకు రెండో యజమానో మూడో యజమానో అయి ఉండి, ఇంజన్‌ను మీరెప్పుడూ విప్పించకపోతే, లోపల ఏముందో మీకూ తెలియకపోవచ్చు. అప్పుడు “ముందటి యజమాని ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించానన్నారు, నేను కళ్లారా చూడలేదు” అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ వాక్యం వల్ల ధర కొంత తగ్గవచ్చు. కానీ అలా రాసిన ప్రకటనలో మిగిలిన మాటలను నేను నమ్ముతాను.

పరీక్షల విషయంలో అన్ని ఇంజన్లనూ ఒకే గాటన కట్టకూడదు. మామూలు పిస్టన్ ఇంజన్లకు కంప్రెషన్ పరీక్ష, దానితో పాటు సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయించి ఆ అంకెలు ప్రకటనలోనే పెట్టవచ్చు. ఆర్‌ఎక్స్-7లోని 13బీ-ఆర్‌ఈడబ్ల్యూ రోటరీ ఇంజన్‌కు మాత్రం మామూలు గేజి పనికిరాదు. పిస్టన్లకు బదులు ఇందులో తిరిగే ప్రతి రోటర్‌కూ మూడు ముఖాలుంటాయి. మామూలు గేజి వాటిలో బలమైన ముఖాన్ని మాత్రమే చూపి మిగిలిన రెండింటినీ దాచేస్తుంది. రోటర్ అంచున ఉండే ఎపెక్స్ సీలు ఒకటి విరిగిన ఇంజన్ కూడా దాని మీద మంచి మార్కులు తెచ్చుకోగలదు. రోటరీ టెస్టరుతో రెండు రోటర్ల ఆరు ముఖాలకూ ఆరు అంకెలు తీసి, స్టార్టర్ తిప్పిన వేగానికి తగ్గట్టు వాటిని 250 ఆర్‌పీఎం లెక్కకు సవరించి చూపాలి. ఆ ఆరు అంకెలు లేని ఆర్‌ఎక్స్-7 ప్రకటనను నేను అసంపూర్ణంగానే పరిగణిస్తాను.

ప్రతి మోడల్‌కూ దానికే పరిమితమైన బలహీనతలున్నాయి. వాటికి మీరేం చేశారో అడగక ముందే చెబితే బాగుంటుంది. తొలినాటి ఆర్32 ఆర్‌బీ26లలో క్రాంక్ మీద ఆయిల్ పంపును తిప్పే భాగం పొట్టిగా ఉండి పంపు గేరు పగిలే ముప్పు ఉంది. దానికి కాలర్ (ఆ భాగాన్ని పొడిగించే ఉంగరం) వేయించారా? ఆర్‌బీ26కు ఫ్యాక్టరీ వేసిన టర్బోల్లో చాలావాటికి టర్బైన్ చక్రాలు సిరామిక్‌వి, బూస్ట్‌ను 1 బార్ దాటిస్తే అవి ముక్కలయ్యే ప్రమాదం ఉంది. టర్బోలు పాతవే అయితే బూస్ట్ ఎంత దాకా తీసుకెళ్లారు? సుబారు ఈజే ఇంజన్‌లో ఆయిల్‌ను పీల్చే పికప్ గొట్టం మార్పించారా? ఎవల్యూషన్‌లో వెనుక చక్రాలకు బలాన్ని పంచే వ్యవస్థ పంపు తుప్పు పట్టకుండా ఉందా? ఈ కార్లలో కొన్నిటి వయసు ముప్పై ఏళ్లు దాటింది కనుక తుప్పు గురించి అడిగితే అవమానంగా భావించవద్దు.

కారు అసలు ఏదో తేల్చడం మరో పని. జపాన్ స్వదేశీ మార్కెట్ కోసం తయారైన ఆ కాలపు కార్లకు అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే వీఐఎన్ (వాహన గుర్తింపు సంఖ్య) ఉండదు. మోడల్ కోడుతో మొదలయ్యే ఛాసిస్ నంబరు ఉంటుంది. బీఎన్‌ఆర్32 అని ఉంటే అది జీటీ-ఆర్. హెచ్‌సీఆర్32 అని ఉంటే సాధారణంగా జీటీఎస్-టీ, దానికి ఎన్ని జీటీ-ఆర్ ప్యానెళ్లు బిగించినా అది జీటీ-ఆర్ కాదు. సుప్రాలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే జపాన్‌లో టర్బో ఉన్న కారుకూ లేని కారుకూ జేజెడ్ఏ80 అన్న కోడే ఉంది. పూర్తి మోడల్ కోడు చూస్తే తప్ప తేడా తెలియదు. టర్బో లేకుండా పుట్టిన కారుకు తర్వాత టర్బో ఇంజన్ ఎక్కించి ఉంటే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చెప్పి అమ్మండి. ప్లేటు ఫొటో పెట్టండి. మీటర్ల ప్యానెల్ మార్పించి ఉంటే, మార్చిన నాటికి పాత మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో బిల్లుతో సహా చూపండి. జపాన్ వేలం నుంచి వచ్చిన కారైతే వేలం షీటు ఇవ్వండి. దాని మీద ప్రమాదం తర్వాత మరమ్మతు జరిగిందని సూచించే ఆర్ గ్రేడు ఉన్నా సరే ఇవ్వండి, ఎందుకంటే కొనేవారు ఎలాగూ కనుక్కుంటారు.

ధర దగ్గర చాలామందికి మనసు కష్టపడుతుంది. మీరు పెట్టిన ఖర్చంతా కూడి అడగడం సహజమే, కానీ మీ కొలతలకు కుట్టించుకున్న బట్టలకు కుట్టుకూలి మరొకరు తిరిగి ఇవ్వరు. మార్చిన కారును కొనగలిగేవారు తక్కువమంది. వారిలోనూ మీ అభిరుచితో ఏకీభవించేవారు ఇంకా తక్కువ. ఈ తరం కార్లలో మార్పులు లేనివి అరుదైపోతున్న కొద్దీ వాటికే ఎక్కువ ధర పలకడం కూడా మీరు చూస్తూనే ఉన్నారు. అందుచేత ఫ్యాక్టరీ టర్బోలు, ఎగ్జాస్టు, ఎయిర్ బాక్సు, ఈసీయూ, స్టీరింగ్, సీట్లు, చక్రాలు అటక మీద ఉంటే వాటిని విడిగా అమ్మి నాలుగు రాళ్లు సంపాదించే ముందు, కారుతో కలిపి ఇస్తే ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోండి. కారును మళ్లీ పాత రూపానికి తేగలిగే అవకాశం కొనేవారికి చాలా విలువైనది, వారు దాన్ని ఎన్నడూ వాడుకోకపోయినా సరే. నకిలీ విడిభాగాలు మాత్రం పేరున్న సంస్థల ముద్రతో అమ్మకండి. పేరున్న జపాన్ బ్రాండ్ల బూస్ట్‌ను అదుపుచేసే వేస్ట్‌గేట్లకూ, మిగులు ఒత్తిడిని వదిలే బ్లో-ఆఫ్ వాల్వులకూ అచ్చంగా అలాగే కనిపించే నకళ్లు బయట దొరుకుతున్నాయి. తక్కువ ధరకు కొన్నది ఏదో మీకు తెలుసు.

భద్రత గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ తీసేసి రేసింగ్ స్టీరింగ్ పెట్టినా, ఏబీఎస్ తీసేసినా, ఫ్యాక్టరీ సీట్ బెల్టుల స్థానంలో నాలుగు పట్టీల హార్నెస్ బిగించినా, ఆ సంగతి ప్రకటన మొదటి వాక్యాల్లో ఉండాలి. లోపల రోల్ కేజ్ ఉన్న కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపితే ప్రమాదంలో ఆ ఇనుప కమ్మీలే తలకు తగులుతాయని చెప్పండి. వైరింగ్ మార్పించి ఉంటే ఒక బొమ్మ గీసి ఇవ్వండి. డాష్‌బోర్డు కింద పేరు లేని స్విచ్‌లు మూడు కనిపించి, ఏది బూస్ట్‌ది, ఏది ఫ్యాన్‌ది, ఏది దొంగల భయంతో పెట్టిన ఇంధన పంపు కట్-ఆఫో కనుక్కోవడానికి ఒక్కొక్కటే నొక్కి చూడవలసిన అవస్థ నాలాంటి వాడికి సరదాగా ఉంటుందేమో గానీ, వేగంగా పోతున్న కారులో కొత్తవారికి కాదు.

టెస్ట్ డ్రైవ్ కూడా ఇందులో భాగమే. ముందు మీరు నడపండి, కొనేవారు పక్కన కూర్చోనీ. కూలెంట్ ముల్లు పైకి లేచినంత మాత్రాన ఇంజన్ సిద్ధమైనట్టు కాదు, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుందని ఆ ప్రయాణంలోనే చూపించండి. తర్వాత లైసెన్సూ బీమా వర్తింపూ చూసుకుని, తక్కువ బూస్ట్ మ్యాప్ పెట్టి వారికి ఇవ్వండి. పెద్ద సింగిల్ టర్బో ఉన్న కారులో కింది ఆర్‌పీఎంల వద్ద ఏమీ జరగనట్టుండి, పైకి వెళ్లాక ఒక్కసారిగా శక్తి విరుచుకుపడుతుంది. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో అది జరిగితే వెనుక చక్రాలు పట్టు వదిలేస్తాయి. మీకు అలవాటైన ఆ తీరు వారికి కొత్త. వచ్చిన కుర్రవాడు ఇంతకు ముందు మామూలు హ్యాచ్‌బ్యాక్ తప్ప మరొకటి నడపలేదని తెలిస్తే, కారు అమ్మనని చెప్పే హక్కు మీకుంది. ఆ హక్కును వాడుకున్న యజమానులను నేను ఎరుగుదును, వారి మీద నాకు గౌరవం ఉంది.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది దేశానికొక తీరుగా ఉంది. జపాన్‌లో షాకెన్ తనిఖీ దాటాలంటే పెద్ద నిర్మాణ మార్పులను విడిగా నమోదు చేయించి ఉండాలి. అమెరికా సమాఖ్య నిబంధనల ప్రకారం దిగుమతి కారుకు 25 ఏళ్లు నిండితే భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు దొరుకుతుంది, 1999లో తయారైన ఆర్34లకు 2024లో ఆ అర్హత మొదలైంది. అయితే కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలు దానితో సంబంధం లేకుండా వేరుగా వర్తిస్తాయి. కాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన కారు రోడ్డు మీదికి రాకూడని దేశాలు అనేకం. మీ కారు మీరున్న చోట ఏ కాగితాల మీద నడుస్తోందో, తనిఖీకి వెళ్లేటప్పుడు ఏయే భాగాలు మార్చి తీసుకెళ్తున్నారో కొనేవారికి తెలియజేయండి. చేసిన మార్పులను బీమా సంస్థకు తెలిపారా లేదా అన్నదీ చెప్పండి. తెలపని మార్పు ఉన్న కారుకు ప్రమాదం జరిగిన రోజున పరిహారం నిరాకరించే అవకాశం ఉంటుంది.

చివరిగా అప్పగింత గురించి. డబ్బు చేతికి అందే రోజున బిల్లులు, డైనో షీట్లు, కంప్రెషన్ అంకెలు, వైరింగ్ బొమ్మ, విడిభాగాల నంబర్లు, మ్యాప్ ఫైలు, పాస్‌వర్డు ఒకే ఫైలులో పెట్టి ఇవ్వండి. ఏ ఆయిల్, ఏ ప్లగ్గులు, ఏ ఇంధనం, ఎంత బూస్ట్ అన్నవి ఒక పేజీలో రాసి గ్లవ్ బాక్సులో ఉంచండి. మీ ట్యూనర్‌కు కొత్త యజమానిని పరిచయం చేయండి. ఎక్కువ బూస్ట్ మ్యాప్‌ను ఎలా ఆన్ చేయాలో చూపించి, కారును తక్కువ బూస్ట్ మ్యాప్ మీదే వదలండి. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మీకు ఫోన్లు వస్తాయి: ఈ చప్పుడు మామూలేనా, ఈ లైటు ఎందుకు వెలిగింది, క్లచ్ ఇంత గట్టిగా ఉండాలా అని అడుగుతారు. దయచేసి ఆ ఫోన్లు ఎత్తండి.

ఇట్లు,
అమ్మకానికి ముందు ఇలాంటి కార్లను పరీక్షించే ఒక మెకానిక్